శుక్లం ఆపరేషన్: పద్ధతి, లెన్సు, ఆసుపత్రి ఎంచుకునే ముందు

శుక్లం ఆపరేషన్ చేయించుకోవాలని డాక్టరు చెప్పిన తరువాత చాలా ఆసుపత్రుల్లో రోగినీ, వెంట వచ్చినవారినీ కౌన్సెలింగ్ గదికి పంపిస్తారు. అక్కడ బల్ల మీద ఒక ధరల పట్టిక ఉంటుంది. అందులో ఆపరేషన్ పద్ధతులు, లెన్సుల పేర్లు, వాటి ఎదురుగా కొన్ని వేల రూపాయల నుంచి లక్ష దాటే వరకు ప్యాకేజీలు కనిపిస్తాయి. అమ్మకో నాన్నకో మంచిదే వేయించాలనే ప్రేమతో పిల్లలు పై వరుసను చూపిస్తారు, ఖర్చుకు జంకే పెద్దవాళ్లు కింది వరుస చాలంటారు. ఈ రెండు నిర్ణయాలూ ధరను చూసి తీసుకున్నవే కాబట్టి, రెండింటిలో ఏది ఆ కంటికి తగినదో చెప్పలేము. ముందుగా కంటి పరిస్థితి తెలియాలి, ఆ తరువాత ఆ మనిషి రోజంతా ఏ పని చేస్తారో తేలాలి, పద్ధతీ లెన్సూ వాటిని బట్టి నిర్ణయం కావాలి, ధర ప్రస్తావన అన్నిటికంటే చివర రావాలి. ఈ వరుస తారుమారైనప్పుడే డబ్బు ఎక్కువ పోయి తృప్తి తక్కువ మిగులుతుంది.

ఎప్పుడు చేయించుకోవాలి

కనుపాప వెనుక ఉండే సహజ కటకం వయసుతో పాటు మసకబారడమే శుక్లం. వాడుకలో కంటి మీద పొర వచ్చిందంటాము గాని, నిజానికి కంటి పైన ఏ పొరా ఏర్పడదు, మసక అంతా కటకం లోపలే ఉంటుంది. అందుకే దానిని కరిగించే చుక్కల మందు గాని, మాత్ర గాని, పసరు గాని లేదు. మసకబారిన కటకాన్ని తీసి, ఆ స్థానంలో కృత్రిమ లెన్సును అమర్చడం ఒక్కటే మార్గం.

శుక్లం బాగా ముదిరాకే తీయించాలన్న నమ్మకం మన ఇళ్లలో ఇంకా బలంగా ఉంది. ఆ మాట ఒకప్పుడు సరైనదే. పాత పద్ధతిలో కటకాన్ని మొత్తంగా బయటకు తీసి, లోపల ఏమీ పెట్టకుండా, జీవితాంతం సోడాబుడ్డి అద్దాలు పెట్టుకోమనేవారు. అటువంటి చూపు కోసం తొందరపడటంలో అర్థం లేదు కనుక ముదిరేదాకా ఆగమనేవారు. లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ 1949 నవంబరులో కంటి లోపల మొదటిసారిగా కృత్రిమ లెన్సును అమర్చారు. ఆ విధానం క్రమంగా మెరుగుపడి అందరికీ అందుబాటులోకి వచ్చిన తరువాత ముదిరేదాకా ఆగవలసిన అవసరం పోయింది.

ఇప్పుడు చూడవలసింది రోజువారీ పనులకు ఎంత అడ్డం వస్తోందన్నదే. ఎదురుగా వచ్చే వాహనాల దీపాలకు కళ్లు చెదరడం, బస్సు బోర్డు దగ్గరకు వచ్చేదాకా చదవలేకపోవడం, బియ్యంలో రాళ్లు ఏరలేకపోవడం, మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు తెలియకపోవడం, అద్దాలు ఎన్నిసార్లు మార్చినా చూపు కుదరకపోవడం వంటివి మొదలైతే ఆపరేషన్ గురించి ఆలోచించే సమయం వచ్చినట్టే. చత్వారం అద్దాలు లేకుండానే మళ్లీ పేపరు చదవగలుగుతున్నామని కొందరు పెద్దవాళ్లు సంతోషిస్తారు. శుక్లం కటకం మధ్య భాగంలో గట్టిపడుతున్నప్పుడు కంటి పవరు మైనస్ వైపు జరగడం వల్ల ఇలా జరుగుతుంది, ఆ మేలు తాత్కాలికమే. మరోవైపు, ఏ ఇబ్బందీ లేని మనిషికి సాధారణ పరీక్షలో చిన్న శుక్లం కనిపించినంత మాత్రాన మరుసటి వారమే ఆపరేషన్ చేయించుకోనక్కరలేదు.

అయితే మరీ ఆలస్యం చేయడం వల్ల నష్టం ఉంది. శుక్లం గట్టిపడి గోధుమరంగుకు తిరిగేకొద్దీ దానిని తీయడానికి ఎక్కువ శక్తి వాడవలసి వస్తుంది, నల్లగుడ్డు లోపలి సున్నితమైన కణాల మీద ఒత్తిడి పెరుగుతుంది. మరీ ముదిరిన శుక్లం కంటిలో పీడనాన్ని పెంచి, తీవ్రమైన నొప్పీ ఎరుపూ తెచ్చిపెట్టవచ్చు, అప్పుడది అత్యవసర పరిస్థితి అవుతుంది. షుగరు ఉన్నవారి విషయంలో మరొక కారణం కూడా ఉంది. శుక్లం అడ్డంగా ఉంటే డాక్టరుకు వెనుక ఉన్న రెటీనా (వెలుగును పట్టే కంటి తెర) స్పష్టంగా కనిపించదు, షుగరు వల్ల అక్కడ జరుగుతున్న నష్టానికి సమయానికి చికిత్స చేయడం కుదరదు.

ముందు పరీక్షలు, ఆ తరువాతే ప్యాకేజీ

ఆపరేషన్ తరువాత చూపు ఎంత వస్తుందన్నది లెన్సు ఖరీదు కంటే కంటిలోని మిగిలిన భాగాల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. చుక్కలు వేసి కనుపాపను పెద్దది చేసి రెటీనాను చూశారా, కంటి పీడనం కొలిచారా, నల్లగుడ్డు ఆరోగ్యంగా ఉందా అన్నవి ముందు తెలియాలి. రెటీనా మధ్య భాగం దెబ్బతిన్నా, గ్లకోమా (నీటికాసులు) వల్ల కంటి నరం ఎండిపోయినా, ఎంత ఖరీదైన లెన్సు వేసినా ఆ మేరకు చూపు తిరిగి రాదు. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందు చెబితే సలహాగా వినిపిస్తుంది, తరువాత చెబితే సాకుగా వినిపిస్తుంది. కాబట్టి ‘శుక్లం కాక నా కంటిలో ఇంకేమైనా లోపం ఉందా, ఆపరేషన్ తరువాత ఎంత చూపు ఆశించవచ్చు’ అని డాక్టరునే సూటిగా అడగాలి.

రెండో ముఖ్యమైన పరీక్ష లెన్సు పవరు లెక్కకట్టడం. యంత్రం ముందు గడ్డం ఆనించి చిన్న దీపం వైపు చూస్తుంటే, కంటి పొడవునూ నల్లగుడ్డు వంపునూ అది కొలుస్తుంది. కంటి పొడవు కొలతలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే లెన్సు పవరులో దాదాపు రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల (పవరును కొలిచే ప్రమాణం) తేడా పడుతుంది. అంటే లెన్సు ఎంత మేలైనదైనా, కొలత తప్పితే మళ్లీ దళసరి అద్దాలే గతి. ఎవరైనా డబ్బు దేని మీద పెట్టాలని నన్ను అడిగితే, మొదటి రూపాయి ఈ కొలతల మీద, రెండో రూపాయి సర్జను అనుభవం మీద, మిగిలితేనే లెన్సు మీద పెట్టమంటాను. కళ్లు పొడిబారే సమస్య ఉంటే కొలతలు మారిపోతాయి కాబట్టి ముందుగా దానికి మందు వాడించి, మళ్లీ కొలవడం మంచిది. గతంలో లేసిక్ (అద్దాల పవరు పోగొట్టే లేజర్ చికిత్స) చేయించుకున్నవారు ఆ విషయం తప్పక చెప్పాలి, వారికి మామూలు లెక్క సరిపోదు.

మందుల విషయంలో దాచకూడని మాటలు రెండున్నాయి. ప్రోస్టేట్ ఇబ్బందికి టామ్సులోసిన్ వాడుతున్న పురుషులు, ఎప్పుడో ఆపేసినా సరే, కంటి డాక్టరుకు చెప్పాలి. ఆ మందు వల్ల కనుపాప చుట్టూ ఉండే కండరం వదులై, ఆపరేషన్ మధ్యలో కనుపాప ముడుచుకుపోవచ్చు. ముందే తెలిస్తే సర్జను తగిన సన్నాహంతో దిగుతారు, తెలియకపోతే చిక్కు. రెండోది, గుండె జబ్బుకు రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు వాటిని తమంతట తాము ఆపకూడదు. చుక్కల మత్తుతో చేసే ఆపరేషన్‌కు వాటిని ఆపవలసిన అవసరం సాధారణంగా ఉండదు. ఆ నిర్ణయం ఇద్దరు డాక్టర్లూ కలిసి తీసుకోవలసినది.

మూడు పద్ధతులు

మొదటిది చిన్న కోతతో, యంత్రం సాయం లేకుండా చేతితో చేసే పద్ధతి. తెల్లగుడ్డు అంచున ఆరేడు మిల్లీమీటర్ల సొరంగం వంటి దారి చేసి, శుక్లాన్ని ముక్కలు చేయకుండా బయటకు తీస్తారు. ఆ దారి దానంతటదే మూసుకుంటుంది కనుక సాధారణంగా కుట్టు అక్కరలేదు. రెండోది ఫేకో. చార్లెస్ కెల్మన్ అనే అమెరికన్ డాక్టరు 1967లో దీనిని ప్రవేశపెట్టారు. ఇందులో రెండు నుంచి మూడు మిల్లీమీటర్ల లోపు కోత సరిపోతుంది. అల్ట్రాసౌండ్ శక్తితో శుక్లాన్ని లోపలే పొడిచేసి పీల్చివేసి, మడత పెట్టిన లెన్సును ఆ సన్నని దారిలోంచి పంపిస్తే అది లోపల విచ్చుకుంటుంది.

ఫేకోలో కోత చిన్నది కాబట్టి ఎరుపూ గరగరా త్వరగా తగ్గుతాయి, నల్లగుడ్డు వంపు తేడా వల్ల వచ్చే సిలిండర్ పవరు తక్కువగా వస్తుంది, వారం పది రోజుల్లో మామూలు పనుల్లో పడవచ్చు. ఉద్యోగంలో ఉన్నవారికీ, ఇంట్లో చూసుకునేవారు లేని వారికీ ఇది నిజమైన మేలు. అయితే చేతితో చేసే పద్ధతిని పేదవారి కోసం మిగిల్చిన రెండో రకంగా చూడటం సరికాదు. నేపాల్‌లో డాక్టర్ సందుక్ రూయిత్ బృందం రెండింటినీ పోల్చి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలల తరువాత అద్దాలు లేకుండా 6/18 (మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం) లేదా అంతకంటే మెరుగైన చూపు ఉన్నవారు చేతి పద్ధతిలో 89 శాతం, ఫేకోలో 85 శాతం. అద్దాలు పెట్టి చూస్తే రెండింటిలోనూ 98 శాతం. పైగా చేతి పద్ధతికి సమయమూ ఖర్చూ తక్కువ. అవి బాగా ముదిరిన శుక్లాలు, చేసినవారు చెయ్యి తిరిగిన సర్జన్లు అన్నది గుర్తుంచుకుంటే ఆ ఫలితం అర్థమవుతుంది. రాయిలా గట్టిపడిన గోధుమరంగు శుక్లానికి డాక్టరు చేతి పద్ధతే మేలని చెబితే, అది మనల్ని తక్కువగా చూడటం కాదు, నల్లగుడ్డును కాపాడే జాగ్రత్త. తొలిదశ శుక్లానికి మాత్రం, స్తోమత ఉంటే, ఫేకోనే ఎంచుకోమంటాను.

మూడోది ఫెమ్టో లేజర్ సాయంతో చేసే ఆపరేషన్. మన వాడుకలో కుట్టు లేని ఆపరేషన్‌నంతా లేజర్ ఆపరేషన్ అంటున్నాము గాని, ఫేకోలో లేజర్ ఉండదు. ఫెమ్టో పద్ధతిలో కోత పెట్టడం, కటకాన్ని పట్టి ఉంచే పలుచని సంచి ముందు భాగాన్ని గుండ్రంగా కత్తిరించడం, శుక్లాన్ని ముక్కలు చేయడం లేజర్ చేస్తుంది, ఆ తరువాత ముక్కలను తీయడానికి ఫేకో యంత్రమే కావాలి. ఫ్రాన్స్‌లోనూ బ్రిటన్‌లోనూ పెద్ద ఎత్తున జరిగి 2020లో వెలువడిన అధ్యయనాలు, మామూలు ఫేకో కంటే దీనివల్ల చూపులో అదనపు లాభం లేదని తేల్చాయి. కొన్ని ప్రత్యేక కళ్లలో సర్జనుకు ఇది సౌకర్యంగా ఉండవచ్చు. మామూలు శుక్లానికి మాత్రం దీని కోసం అప్పు చేయవలసిన అవసరం నాకు కనిపించదు.

లెన్సు: మీ రోజు ఎలా గడుస్తుంది?

ఎక్కువ గందరగోళం ఇక్కడే. అన్ని లెన్సులూ శుక్లాన్ని పోగొట్టాక స్పష్టమైన చూపు ఇచ్చేవే. వాటి మధ్య తేడా, ఏ దూరంలో ఉన్న వస్తువును అద్దాలు లేకుండా చూడగలమన్నదే.

ఒకే దూరానికి కుదిరే లెన్సును మోనోఫోకల్ అంటారు. దీనిని సాధారణంగా దూరపు చూపుకు కుదురుస్తారు, పేపరు చదవడానికీ ఫోను చూడటానికీ చత్వారం అద్దాలు పెట్టుకోవాలి. చీకటిలోనూ వెలుగులోనూ ఇది ఇచ్చే చూపు నికార్సైనది, వింత వెలుగులు తక్కువ, ధర తక్కువ. ఎక్కువ మందికి ఇదే తగిన లెన్సని నా అభిప్రాయం. దీనిని దగ్గర చూపుకు కూడా కుదర్చవచ్చన్న సంగతి మాత్రం చాలామందికి ఎవరూ చెప్పరు.

మా మేనత్తకు చిన్నప్పటి నుంచి మైనస్ పవరు. దూరం చూడటానికి అద్దాలు పెట్టుకునేవారు, చదివేటప్పుడూ పూలు గుచ్చేటప్పుడూ తీసి పక్కన పెట్టేవారు. కౌన్సెలింగ్‌లో ఉన్న అమ్మాయి, “అమ్మా, ఈ లెన్సు వేస్తే మీకు దూరానికి అద్దాలే అక్కరలేదు,” అని చెప్పింది. “మరి రాత్రి పడుకుని చదువుకునే పుస్తకం సంగతేమిటమ్మా?” అని అత్త అడిగారు. “దానికి అద్దాలు పెట్టుకోవాలమ్మా.” అత్త కాసేపు ఆలోచించి, “అరవై ఏళ్లుగా అద్దాలు లేకుండా చేస్తున్న పనికి ఇప్పుడు అద్దాలు పెట్టుకుని, అద్దాలతో చేస్తున్న పనికి తీసేస్తే నాకు ఒరిగేదేమిటి?” అన్నారు. ఆ ప్రశ్న సర్జను దాకా వెళ్లింది. ఆయన లెక్క మార్చి, కొంత మైనస్ మిగిలేలా మామూలు మోనోఫోకల్ లెన్సే వేశారు. ఆమె ఇప్పటికీ పక్క మీద పుస్తకాన్ని అద్దాలు లేకుండానే చదువుతున్నారు, టీవీ చూసేటప్పుడు ఎప్పటిలాగే పెట్టుకుంటున్నారు. చిన్నప్పటి నుంచి మైనస్ పవరుతో దగ్గర పనులకు అలవాటుపడినవారు, మగ్గం నేసేవారు, కుట్టుపని చేసేవారు, బంగారం పని చేసేవారు ఈ అవకాశం గురించి తప్పక అడగాలి.

నల్లగుడ్డు వంపు అన్ని వైపులా సమానంగా లేకపోతే అద్దాల చీటీలో సిలిండర్ పవరు ఉంటుంది. అది ఒక డయాప్టరు దాటినవారికి టోరిక్ లెన్సు మేలు చేస్తుంది, మామూలు లెన్సుతో మిగిలిపోయే మసకను ఇది తగ్గిస్తుంది. అదనపు ఖర్చుకు స్పష్టమైన ప్రతిఫలం కనిపించే లెన్సు ఏదంటే ముందు దీనినే చెబుతాను. అయితే దీనిని లోపల సరైన కోణంలో నిలబెట్టాలి. ఒక్కో డిగ్రీ పక్కకు తిరిగితే దాదాపు 3.3 శాతం ప్రయోజనం పోతుంది, 30 డిగ్రీలు తిరిగితే వేసి కూడా ఉపయోగం లేనట్టే. అలా తిరిగినట్టు మొదటి వారాల్లో తేలితే మళ్లీ సరిచేయవచ్చు. చీటీలో కనిపించే సిలిండర్ అంతా నల్లగుడ్డుది కాకపోవచ్చు, కొంత శుక్లం వల్ల వచ్చినదై ఉంటుంది. కాబట్టి పాత చీటీని చూసి కాక, నల్లగుడ్డు కొలతను చూసి నిర్ణయించాలి.

ధరల పట్టికలో పై వరుసలో ఉండేవి మల్టీఫోకల్, ట్రైఫోకల్ లెన్సులు. ఇవి కంట్లోకి వచ్చే వెలుగును పంచి దూరానికీ దగ్గరకూ, ట్రైఫోకల్ అయితే మధ్య దూరానికి కూడా, చూపునిస్తాయి. చాలామంది నిజంగానే అద్దాలు లేకుండా బతుకుతారు. ఆ పంపకానికి మూల్యం మాత్రం ఉంది. రాత్రి వీధి దీపాల చుట్టూ వలయాలు, ఎదురు వాహనాల వెలుగు చెదిరిపోవడం, మసక వెలుగులో వస్తువుల అంచులు పలుచబడటం వంటివి కొందరిని బాధిస్తాయి. చాలామందికి కొన్ని నెలల్లో అలవాటవుతుంది, కొద్దిమందికి అలవాటే కాదు, లెన్సు మార్పించుకునేవారు కూడా ఉన్నారు. రాత్రిపూట లారీ, బస్సు, కారు నడిపేవారికీ, గ్లకోమా గాని రెటీనా జబ్బు గాని ఉన్నవారికీ, షుగరు రెటీనాకు చేరినవారికీ ఇవి సాధారణంగా తగవు. చిన్న లోపాన్ని కూడా భరించలేని స్వభావం ఉన్నవారు కూడా ఆలోచించుకోవాలి.

మోనోఫోకల్‌కూ మల్టీఫోకల్‌కూ నడుమ ఈడాఫ్ అనే రకం ఉంది. దూరంతో పాటు కంప్యూటరు, వంటగది గట్టు, దుకాణం బల్ల ఉండే దూరాన్ని ఇది బాగా చూపిస్తుంది, సన్న అక్షరాలకు మాత్రం అద్దాలు కావాలి. వలయాలు మల్టీఫోకల్ అంత ఉండవు. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవారికి పరిశీలించదగినది. ఒక కంటిని దూరానికీ రెండో కంటిని దగ్గరకూ మోనోఫోకల్‌తోనే కుదిర్చే మార్గం కూడా ఉంది. ఖర్చు తక్కువ గాని, అందరి మెదడూ ఆ తేడాను సర్దుకోలేదు. గతంలో కాంటాక్ట్ లెన్సులతో అలా అలవాటున్నవారికి బాగా కుదురుతుంది.

విదేశీ లెన్సా, మన దేశపు లెన్సా అన్న ప్రశ్నకు నేను పెద్ద బరువు ఇవ్వను. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రుల సంస్థకు అనుబంధంగా 1992లో మొదలైన లెన్సుల తయారీ సంస్థ ఆరోల్యాబ్, లెన్సుల ధరను సామాన్యుడికి అందేలా దించింది, అక్కడి లెన్సులు ఎన్నో దేశాలకు వెళుతున్నాయి. దేశం పేరు కంటే, లెన్సు ఏ పదార్థంతో చేసినదని అడగడం ఉపయోగం. నీటిని పీల్చని, అంచులు చతురస్రంగా ఉన్న ఆక్రిలిక్ లెన్సుల వెనుక తరువాతి కాలంలో పొర కట్టే అవకాశం తక్కువ.

ఎక్కడ, ఎంత ఖర్చుతో

ఉచితంగా చేయించుకోవడం తక్కువతనమని గాని, ప్రమాదమని గాని అనుకోనక్కరలేదు. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం మన దేశంలో 1976 నుంచే ఉంది. హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో శుక్లం ఆపరేషన్లు నిత్యం జరుగుతుంటాయి. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ, ఇప్పుడు విశాఖపట్నంలోనూ విజయవాడలోనూ ఉన్నది, చెల్లించలేని వారికి ఉచితంగా చేస్తోంది. గుంటూరు దగ్గర పెదకాకానిలోని శంకర కంటి ఆసుపత్రి కూడా ఊళ్లలో శిబిరాలు పెట్టి పేదవారికి ఉచితంగా చేస్తుంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన కంటి వెలుగు కార్యక్రమాల్లో ఊరిలోనే కంటి పరీక్ష చేయించుకున్నవారు ఎందరో ఉన్నారు. శిబిరం విషయంలో పట్టించుకోవలసినవి రెండు. పరీక్ష ఊరి బడిలో జరగవచ్చు గాని, ఆపరేషన్ మాత్రం శుభ్రమైన థియేటరు ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. ఆపరేషన్ తరువాత కంటిని మళ్లీ ఎవరు, ఎక్కడ, ఏ రోజున చూస్తారో ముందే చెప్పాలి.

డబ్బు చెల్లించి చేయించుకునేవారు, ప్యాకేజీలో చుక్కల మందులు, తరువాతి పరీక్షలు, చివరి అద్దాలు కలిసే ఉన్నాయా అని అడగాలి. ఆపరేషన్ చేసేది మనతో మాట్లాడిన డాక్టరేనా, మధ్యలో కటకం సంచి చిరిగితే అక్కడే చూసుకోగల రెటీనా నిపుణులు ఉన్నారా అన్నది అంతకంటే ముఖ్యం. అనుభవం ఉన్న చేతుల్లో అలా జరగడం అరుదే గాని, జరిగితే అప్పటికప్పుడు లెన్సు రకమూ పద్ధతీ మారవచ్చు.

బీమా ఉన్నవారు ముందే పాలసీ పత్రం తెరిచి చూసుకోవాలి. శుక్లానికి చాలా పాలసీల్లో నిరీక్షణ కాలమూ పరిమితీ ఉంటాయి. ఉదాహరణకు ఆరోగ్య సంజీవని పాలసీలో 24 నెలల నిరీక్షణ తరువాతే శుక్లానికి వర్తిస్తుంది. ఆ తరువాత కూడా ఒక్కో కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా 40 వేల రూపాయలు, వీటిలో ఏది తక్కువైతే అంతే ఇస్తారు. ఆ పరిమితి దాటిన లెన్సు ఖర్చంతా మన జేబులోంచే.

ఆపరేషన్ రోజు, తరువాతి వారాలు

మత్తుకు కంట్లో చుక్కలు మాత్రమే వేయవచ్చు, లేదా కంటి పక్కన ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. చుక్కలతో చేస్తే కన్ను కదులుతూనే ఉంటుంది, చెప్పిన దీపం వైపు చూస్తూ ఉండాలి. చెవి సరిగా వినిపించనివారికీ, బాగా భయపడేవారికీ, శుక్లం గట్టిగా ఉన్నవారికీ ఇంజెక్షన్ మేలు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం గాని, దగ్గు గాని వచ్చేవారు ముందే చెప్పాలి. థియేటరులో ముఖం మీద గుడ్డ కప్పుతారు, పైనుంచి ప్రకాశవంతమైన వెలుగు, రంగుల నీడలు, కంటి మీద నీళ్లు పోస్తున్న స్పర్శ తెలుస్తాయి, కత్తిరింపు నొప్పి తెలియదు. ఫేకో అయితే సాధారణంగా పదిహేను ఇరవై నిమిషాలు. మామూలుగా అదే రోజు ఇంటికి పంపిస్తారు.

మరునాడు కట్టు విప్పగానే అంతా స్ఫుటంగా కనిపించాలని చాలామంది ఎదురుచూస్తారు. కొందరికి అలాగే ఉంటుంది. ఇంకొందరికి నల్లగుడ్డు కొద్దిగా ఉబ్బి ఉండటం వల్ల కొన్ని రోజులు మసకగానే ఉంటుంది, ముదిరిన శుక్లమైతే ఇంకాస్త ఎక్కువ రోజులు. తెల్లని వస్తువులు నీలం ఛాయతో మెరిసినట్టు కనిపించడం, ఇసుక పడ్డట్టు గరగరలాడటం, కాస్త నీరు కారడం మామూలే. యాంటీబయాటిక్ చుక్కలు వారం రెండు వారాలు, వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు క్రమంగా తగ్గిస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు వాడాలి. కంటికి నొప్పి లేదు కదా అని వాటిని మధ్యలో మానేయడం చాలా ఇళ్లలో జరిగే తప్పు. చీటీలో రాసిన పూటలను వంటగది గోడ మీద కాగితంగా అతికించి, వేసిన ప్రతిసారీ గీత పెట్టడం పెద్దవాళ్లకు బాగా పనికివస్తుంది.

పథ్యం గురించి మన పెద్దలు చాలా పట్టుదలగా ఉంటారు. పప్పు, వంకాయ, గోంగూర, పెరుగు మానేయాలని, గట్టివి నమలకూడదని చెబుతారు. కోత మానడానికి వీటితో సంబంధం లేదు. షుగరును అదుపులో ఉంచుకుంటూ మామూలు భోజనం చేయవచ్చు. నెల రోజులు మంచం మీదే ఉండనక్కరలేదు. చేయకూడనివి వేరే ఉన్నాయి. కన్ను నలపకూడదు. డాక్టరు చెప్పేదాకా తలస్నానం చేసి కంట్లోకి నీళ్లు పోనివ్వకూడదు, అప్పటిదాకా మెడ కింది వరకు స్నానం చేయవచ్చు. పొయ్యి పొగకూ పొలం దుమ్ముకూ కొన్ని వారాలు దూరంగా ఉండాలి, బిందెలూ బస్తాలూ ఎత్తకూడదు, రాత్రి కంటి మీద ప్లాస్టిక్ కప్పు పెట్టుకుని పడుకోవాలి.

ఆపరేషన్ తరువాత తొలి వారం పది రోజుల్లో నొప్పి పెరుగుతున్నా, ఎరుపు పెరుగుతున్నా, ముందు రోజు కనిపించినంత చూపు ఈ రోజు లేకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కంటి లోపల ఇన్ఫెక్షన్ అరుదైనది, వెయ్యిలో ఒకరికో అంతకంటే తక్కువో వస్తుంది. వచ్చినప్పుడు మాత్రం గంటలే ముఖ్యం, తొందరగా ఇంజెక్షన్ ఇస్తే కాపాడగలిగే చూపును ఒక రోజు ఆలస్యం పోగొట్టగలదు. మందుల దుకాణంలో చుక్కలు అడిగి వేసుకోవడం ఇటువంటప్పుడు ఎంతమాత్రం పనికిరాదు. ఆ తరువాతి నెలల్లో మెరుపులు, ఒక్కసారిగా నల్లని చుక్కల వాన, పక్క నుంచి తెర జారుతున్నట్టు నీడ కనిపిస్తే, అది రెటీనా విడిపోతున్న సూచన కావచ్చు. మైనస్ పవరు ఎక్కువగా ఉన్నవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం.

కొత్త అద్దాలను ఫేకో అయితే సుమారు నెలకు, చేతి పద్ధతి అయితే ఆరు వారాల ప్రాంతంలో ఇస్తారు. అంతకు ముందే చేయిస్తే పవరు మారిపోయి డబ్బు వృథా అవుతుంది. రెండో కంటికి కూడా శుక్లం ఉంటే, మొదటి కన్ను కుదుటపడి ఫలితం తెలిసిన తరువాత చేయించుకోవడం మంచి పద్ధతి, ఎందుకంటే మొదటి కంటి అనుభవాన్ని బట్టి రెండో కంటి లెన్సు లెక్కను సర్దవచ్చు. మైనస్ గాని ప్లస్ గాని ఎక్కువగా ఉన్నవారికి రెండు కళ్ల పవరు మధ్య తేడా వల్ల మధ్యకాలంలో తల తిరిగినట్టు ఉంటుంది, వారు రెండో ఆపరేషన్‌ను మరీ వాయిదా వేయకూడదు.

కొన్ని నెలలకో ఏళ్లకో చూపు మళ్లీ మసకబారితే శుక్లం తిరిగొచ్చిందని భయపడతారు. తీసేసిన శుక్లం మళ్లీ రాదు. లెన్సును పట్టి ఉంచే సంచి వెనుక గోడ మసకబారడం వల్ల అలా అవుతుంది. యాగ్ లేజర్‌తో ఆ గోడలో చిన్న కిటికీ తెరిస్తే చూపు తేటపడుతుంది, కోత లేదు, కొన్ని నిమిషాల పని. అప్పుడు వెళ్లే డాక్టరు వేరేవారైనా, వేరే ఊరివారైనా లోపల ఏ లెన్సు ఉందో తెలియాలి కాబట్టి, డిశ్చార్జి రోజున ఇచ్చే లెన్సు కార్డునూ, దాని మీద అతికించిన స్టిక్కరునూ ఆధార్ కార్డు ఉండే కవరులోనే భద్రపరచాలి.